డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలి?

(రైతు సంఘం జిల్లా శిక్షణా తరగతుల్లో పాడి రైతులు, గొర్రెల మేకల పెంపకందార్లు, పశువుల కొట్టాల్లో పనిచేసే కూలీలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం పంటల మద్దతు ధర, పాల ధర, బ్యాంకు రుణాలు, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ నాకు అప్పగించిన అంశం ప్రథమ చికిత్స. కార్యక్రమం కాగితంలో ఈ మాట చూసి, ఇది ఆసుపత్రి వాళ్ల పని కదా, సంఘానికి దీనితో ఏం సంబంధం అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికే జవాబు చెప్పుకుందాం.

లీటరు పాలకు రెండు రూపాయలు పెంచమని మనం నెలల తరబడి ధర్నాలు చేస్తాం. అదే సమయంలో మన కొట్టంలో ఒక గేదె పొట్ట ఉబ్బి తెల్లారేసరికి చచ్చిపోతే, ఆ రెండు రూపాయలు ఎన్నేళ్లు కూడబెట్టినా ఆ గేదె తిరిగి రాదు. గేదె పోయినా దాని మీద తెచ్చిన అప్పు పోదు, వాయిదా ఆగదు. ఇక గేదెను కాపాడబోయి మనిషే కరెంటు తీగ మీద పడితే ఆ కుటుంబం మొత్తం రోడ్డున పడుతుంది. సన్నకారు రైతుకు, భూమి లేని కూలీకి, గొల్లకురుమలకు పశువే బ్యాంకు, పశువే బీమా. దాన్ని కాపాడుకోవడం, దానితో పనిచేసే మనిషిని కాపాడుకోవడం రైతు సంఘం పనే.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పశుసంపద 53 కోట్ల పైచిలుకు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి మూడున్నర కోట్లకు పైగా గొర్రెలే ఉన్నాయి. వీటిని చూసుకునే డాక్టర్లు ఎంతమంది ఉండాలి? ప్రతి 5,000 పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మీ మండలంలో పశువులెన్ని, డాక్టర్లెందరు అని మీరే లెక్క వేసుకోండి. సంచార పశువైద్య వాహనం సంగతి చూస్తే, దాదాపు లక్ష పశువులకు ఒక బండి అన్నది కేంద్ర పథకం పెట్టుకున్న లెక్క. 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, కాదనడం లేదు. కానీ అది అప్పటికే పక్క మండలంలో ఈనలేక అవస్థ పడుతున్న ఆవు దగ్గర ఉండొచ్చు.

అంటే ఫోన్ చేయడానికీ, డాక్టరు గుమ్మంలోకి రావడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది. అది గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. ఆ సమయంలో పశువు దగ్గర ఉండేది మనమే. అప్పుడు ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో తెలిసి ఉండటమే ప్రథమ చికిత్స.

ముందు మనిషి, తర్వాత పశువు

ప్రథమ చికిత్సలో మొదటి సూత్రం ఇదే. చెప్పడానికి తేలిక, పాటించడం కష్టం. కళ్ల ముందు మన పశువు గిలగిలా కొట్టుకుంటుంటే కాళ్లు ఆగవు. అందుకే దీన్ని ముందే మనసులో నాటుకోవాలి.

వానాకాలంలో తెగిన తీగ తగిలి పశువు పడిపోతుంది. దాన్ని లేపబోయి యజమాని పడిపోతాడు. అతణ్ని లాగబోయి కొడుకు పడిపోతాడు. ఇలాంటి వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పశువు పడిపోయిన చోట తీగ కనిపించినా, దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, స్తంభానికి కట్టిన సపోర్టు వైరు ఉన్నా ముందు ఆగాలి. తడి నేల మీద అడుగు వేయొద్దు. లైన్‌మన్‌కో సబ్‌స్టేషన్‌కో ఫోన్ చేసి కరెంటు తీయించాలి. తీశామని వాళ్లు చెప్పిన తర్వాతే దగ్గరకు వెళ్లాలి. ఎండు కర్రతో తీగను తోసేయొచ్చు అని కొందరంటారు. పొలాల మీదుగా పోయే 11 కేవీ లైను దగ్గర కర్రను నమ్ముకుంటే ప్రాణం పోతుంది.

పేడ గుంట, గోబర్ గ్యాస్ తొట్టి, పాత బావి సంగతి కూడా అంతే. వాటిలో ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు ఉండొచ్చు. దూడ పడిందని ఒకరు దిగి స్పృహ తప్పితే, అతని కోసం ఇంకొకరు దిగుతారు. ఎవరూ దిగొద్దు. పైనుంచే మోకు వేసి ప్రయత్నించాలి. అగ్నిమాపక కేంద్రానికి 101కు ఫోన్ చేయాలి.

మందతో వెళ్లేవారికి పిడుగు ఇంకో ప్రమాదం. ఉరుము వినబడిందంటే చెట్టు కిందికి పోవద్దు. మంద అంతా ఒక్క చెట్టు కింద చేరితే ఒక్క పిడుగుకే పదుల గొర్రెలు పోతాయి. మందను చెట్లకు, ఇనుప కంచెకు, చెరువు నీటికి దూరంగా తోలాలి. దగ్గర్లో పక్కా ఇల్లు ఉంటే మనిషి అందులోకి వెళ్లాలి. ఏ ఆసరా లేకపోతే పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోవద్దు. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అపోహ. వెంటనే దగ్గరకు వెళ్లి ఊపిరి ఉందో లేదో చూడాలి.

మనిషికి దెబ్బ తగిలితే

కొమ్ము పోటు, కాలి తన్ను, పలుపు మెలికపడి వేలు నలగడం, గోడకూ గేదెకూ మధ్య నలగడం మన పనిలో నిత్యం ఉండేవే. రక్తం కారుతుంటే చేయాల్సింది ఒక్కటే. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూడొద్దు. పది నిమిషాలు వదలకుండా పట్టాలి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వేయాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి, పేడ, బూడిద ఏదీ గాయంలో పెట్టొద్దు. పశువుల కొట్టంలో తగిలిన ప్రతి గాయానికీ ధనుర్వాతం భయం ఉంటుంది కనుక ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్ గురించి అడగాలి.

కొమ్ము పోటుకు పొట్ట చీరి పేగు బయటకొస్తే లోపలికి నెట్టొద్దు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టాలి. తాగడానికి నీళ్లు కూడా ఇవ్వొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. పొట్టలో తన్ను తగిలి పైకి ఏమీ కనిపించకపోయినా, మనిషి చల్లబడి చెమటలు పడుతుంటే లోపల రక్తం కారుతున్నట్టు భావించాలి. కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవడమే ఇక్కడ ప్రాణం తీస్తుంది.

మనిషి స్పృహలో లేక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే రెండు అంగుళాల లోతు వరకు నొక్కాలి. 108 వచ్చేదాకా మనుషులు మారుతూ నొక్కుతూనే ఉండాలి. ఇది వింటే వచ్చే విద్య కాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. శిక్షణ కావాలని ఎందుకు అడుగుతున్నామో ఈ ఒక్కటి చాలు చెప్పడానికి.

కుక్క, పాము

మందకు కాపలా కుక్కలుంటాయి, ఊళ్లో వీధి కుక్కలుంటాయి. కరిస్తే మొదట చేయాల్సింది గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. గడియారం చూసి 15 నిమిషాలు. తర్వాత అయోడిన్ మందు రాసి ఆసుపత్రికి వెళ్లాలి. టీకా వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28వ రోజుల్లో మళ్లీ చర్మంలోకి వేస్తారు. ఒక్కటీ తప్పకూడదు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి. అది ఇస్తున్నారా లేదా అని అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. సకాలంలో పూర్తి చికిత్స పడితే దాదాపు అందరూ బతుకుతారు.

పాడి రైతులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆవు, గేదె నోటి వెంట చొంగ కారుస్తూ మేత మింగలేకపోతే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టి చూడటం మనకు అలవాటు. పిచ్చి కుక్క కరిచిన పశువుకు కూడా అచ్చం ఇవే లక్షణాలుంటాయి. దాని చొంగలో రేబిస్ క్రిమి ఉంటుంది. మన చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. డాక్టరు చూసేదాకా నోట్లో చెయ్యి పెట్టొద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే చెయ్యి కడుక్కుని ఆసుపత్రికి వెళ్లి ఆ మాట చెప్పండి. కుక్క కరిచిన పశువుకు కూడా టీకాల వరస ఉంటుంది. అదే రోజు పశువైద్యుణ్ని కలవాలి.

ఇక పాము కాటు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సగటున ఏడాదికి 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయేది ఎవరు? గడ్డి కోసే ఆడవాళ్లు, రాత్రి నీళ్లు పెట్టే రైతులు, మంద దగ్గర నేల మీద పడుకునే కాపరులు. కట్లపాము కాటు రాత్రి నిద్రలో పడుతుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కళ్లు మూతలు పడటం, మాట ముద్దగా రావడం, కడుపునొప్పి కనిపిస్తే పాము కాటే అనుకుని పరుగెత్తాలి.

కాటు వేసిన చోట బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయాలి. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద కట్టి, కాటుపడ్డ అవయవం కదలకుండా చూడాలి. మనిషిని నడిపించకుండా మోసుకుని తీసుకెళ్లాలి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. ఆ మందు మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంటుందో కాటు పడకముందే తెలుసుకుని ఉండాలి.

పశువుకు ఆపద వస్తే

అన్నీ ఒక్క పూటలో చెప్పలేను. మన కొట్టాల్లో తరచూ చూసే నాలుగైదు చెబుతాను.

మొదటిది పొట్ట ఉబ్బరం. లేత పిల్లిపెసర, లూసర్న్ ఎక్కువ తిన్నా, పెళ్లి విందులో మిగిలిన అన్నం పెట్టినా వస్తుంది. ఎడమ డొక్క డోలులా ఉబ్బుతుంది. పశువును ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టాలి. నోట్లో అడ్డంగా ఒక కర్ర పెట్టి కొమ్ములకు కట్టాలి. అది నములుతూ ఉంటే లాలాజలం ఊరి గ్యాస్ బయటికి వస్తుంది. పెద్ద పశువుకు పావు లీటరు, గొర్రెకు 50 మిల్లీలీటర్లు వంటనూనె మెల్లగా తాగించవచ్చు. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తొద్దు, నాలుక బయటకు లాగొద్దు, దగ్గితే వెంటనే ఆపాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బరం తగ్గినా న్యుమోనియాతో చస్తుంది. పడిపోయిన పశువుకు ఏదీ తాగించొద్దు. డొక్కలో కత్తితో పొడవడం మన పని కాదు, డాక్టరు పని.

రెండోది జొన్న నాము. వాన లేక వాడిపోయిన లేత జొన్నలో, కోసిన మోళ్లకు వచ్చిన పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. మేసిన కొద్ది నిమిషాల్లోనే పశువు రొప్పుతూ, వణుకుతూ పడిపోతుంది. దీనికి నరంలోకి ఎక్కించే విరుగుడు ఉంది కానీ అది డాక్టరు చేతిలోనే ఉంటుంది. మనం చేయగలిగింది మిగతా పశువులను వెంటనే ఆ చేలోంచి తోలేయడం, ఫోనులో ‘జొన్న నాము’ అని స్పష్టంగా చెప్పడం. అలా చెబితే డాక్టరు ఆ మందు వెంట తెచ్చుకుంటాడు. పురుగుమందు కొట్టిన చేలో మేసినా ఇదే పద్ధతి. మందు డబ్బా పారేయకుండా డాక్టరుకు చూపించాలి. ఒంటి మీద మందు పడితే సబ్బునీళ్లతో కడగాలి. కడిగేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

మూడోది ఈత. మామూలుగా ముందుకాళ్లు రెండూ, వాటి మీద ముట్టె కనిపించాలి. నీటి సంచి పగిలి రెండు గంటలైనా ఏమీ రాకపోయినా, ఒక్క కాలే కనిపించినా, తోక కనిపించినా డాక్టరును పిలవాలి. నలుగురు కలిసి మోకు కట్టి లాగితే దూడ, తల్లి ఇద్దరూ పోతారు. దూడ బయటపడ్డాక ముక్కు, నోరు శుభ్రం చేసి, పొడి గడ్డితో ఒళ్లంతా రుద్దాలి. బొడ్డును రెండు అంగుళాలు వదిలి దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, అయోడిన్‌లో ముంచాలి. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. మాయ పడేదాకా తాపొద్దని పెద్దలు చెబుతారు, అది తప్పు. దూడ తాగితేనే మాయ త్వరగా పడుతుంది. 12 గంటలైనా మాయ పడకపోతే రాయి కట్టి వేలాడదీయొద్దు, డాక్టరును పిలవాలి. మెయ్య దిగితే శుభ్రమైన నీటితో కడిగి, తడి గుడ్డ కప్పి, కుక్కలు, కాకులు ముట్టకుండా చూస్తూ, వెనక భాగం ఎత్తుగా ఉండేలా నిలబెట్టాలి.

నాలుగోది పాల జ్వరం. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లగా ఉంటుంది. బాగా పాలిచ్చే గేదె, ఆవు ఈనిన రెండు మూడు రోజుల్లో లేవలేక, మెడ డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. దాన్ని పక్కకు వాలిపోనీయకుండా రెండు వైపులా గడ్డి మోపులు ఆనించి కూర్చోబెట్టాలి. ఏదీ తాగించొద్దు. డాక్టరు కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కళ్ల ముందే లేచి నిలబడుతుంది. అది చూసి, ఇంతేనా, మనమే ఎక్కిద్దాం అనుకోవద్దు. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

చచ్చిన పశువు దగ్గర

అంతసేపూ బాగానే ఉన్న గొర్రెగానీ పశువుగానీ హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం కావచ్చు. చర్మం ఒలవొద్దు, కోయొద్దు, మాంసం పంచుకోవద్దు. విశాఖ మన్యంలో ఇలాంటి మాంసం కోసి తిన్నవారికి దొమ్మ సోకి నల్లటి పుండ్లు వచ్చిన ఘటనలు పలుమార్లు జరిగాయి. పేదవాడికి చచ్చిన గొర్రె కూడా నష్టంలో కొంత తిరిగి రాబట్టుకునే దారిగా కనిపిస్తుంది. అందుకని వాళ్లను తిట్టి లాభం లేదు. చచ్చిన గొర్రెకు పరిహారం గ్యారంటీ అయితే ఎవరూ కోయరు. డాక్టరు చెవి నరం నుంచి రక్తం తీసి పరీక్షకు పంపుతాడు. ఆ తర్వాత ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఈ క్రిమి మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది.

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ఎత్తొద్దు. బ్రుసెల్లా అనే రోగం అలాగే మనుషులకు వస్తుంది. విడిచి విడిచి జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. మలేరియా అని, టైఫాయిడ్ అని మందులు మింగుతూ తిరుగుతుంటాం. ఆసుపత్రికి వెళ్లినప్పుడు ‘నేను పశువులతో పనిచేస్తాను’ అన్న మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయాలో ఆయనకు తెలుస్తుంది.

శిక్షణ ఎవరికి, ఎలా?

ఇంతవరకు నేను చెప్పింది ప్రసంగం, శిక్షణ కాదు. ఈత విని నీళ్లలో దూకితే మునుగుతాం. చేతులతో చేసి చూడాలి. శిక్షణ పేరుతో మండల కేంద్రంలో మధ్యాహ్నం పన్నెండింటికి కుర్చీలు వేసి, కంపెనీ దాణా సంచులు చూపించి, ఫొటో తీసి పంపించేస్తే కుదరదు. ఆ వేళకు పాడి రైతు పాలు పోసి వచ్చి గడ్డికి పోయి ఉంటాడు, కాపరి అడవిలో ఉంటాడు.

మన ఇళ్లలో పాలు పిండేది, పేడ ఎత్తేది, దూడను చూసేది ఎక్కువగా ఆడవాళ్లు. శిక్షణకు పిలుపు మాత్రం పట్టాదారు పాసుపుస్తకం ఉన్న మగవాడికి వస్తుంది. ఇది మారాలి. పెద్ద డెయిరీల్లో జీతానికుండే కూలీలు, వలస వచ్చిన కుటుంబాలు, మందతో జిల్లాలు దాటి తిరిగే కాపరులు ఏ జాబితాలోనూ ఉండరు. ప్రమాదం ఎక్కువ వాళ్లకే. వాళ్లను ముందు పిలవాలి.

శిక్షణ ఇచ్చేది ఒక్క పశువైద్యుడే కాకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వచ్చి రక్తం ఆపడం, ఛాతీ నొక్కడం, కుక్క కాటు, పాము కాటు నేర్పాలి. కరెంటు లైన్‌మన్ వచ్చి తీగ దగ్గర ఎలా మసలాలో చెప్పాలి. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి, జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, రెడ్‌క్రాస్ శాఖలున్నాయి. వీళ్లందరినీ ఒకచోట చేర్చే బాధ్యత జిల్లా యంత్రాంగానిది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రథమ చికిత్స నేర్చుకున్నవారు డాక్టర్లు కారు. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసేది రిజిస్టరైన పశువైద్యులే. టీకాలు, గాయాలకు కట్లు వంటి చిన్న సేవలను కూడా డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్న సిబ్బంది డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలని ఆ చట్టం చెబుతోంది. కనుక శిక్షణ చూపించి ‘ఇక మీకు డాక్టరు ఎందుకు’ అని ప్రభుత్వం ఖాళీలు నింపకుండా తప్పించుకోవడానికి వీల్లేదు. గోపాలమిత్రలు, పశుసఖులు చేస్తున్న పనికి సరైన వేతనం ఇవ్వకుండా సేవ పేరుతో వాడుకోవడానికీ వీల్లేదు.

ఇది దయ కాదు, హక్కు

1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లోనే, ప్రతి 150 మంది కార్మికులకు తక్కువ కాకుండా ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, దాన్ని శిక్షణ పొందిన మనిషి చూసుకోవాలని రాశారు. 2005 ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, శ్రమజీవులు పోరాడి సాధించుకున్నవి. మరి తెల్లవారుజామున మూడింటికి లేచి కొమ్ముల మధ్య కూర్చుని పాలు పిండే మనిషికి, అడవిలో మంద వెంట నడిచే మనిషికి ఆ పెట్టె ఎందుకు ఉండకూడదు? అందుకే సంఘం తరఫున ఈ డిమాండ్లు ప్రతిపాదిస్తున్నాను.

1. ప్రతి గ్రామంలో పాడి రైతులు, కాపరులు, పశువుల కొట్టాల కూలీలకు ఏడాదికోసారి రెండు రోజుల ప్రథమ చికిత్స శిక్షణ ఇవ్వాలి. కూలీ పోగొట్టుకున్న వారికి ఆ రోజుల కూలీ చెల్లించాలి. హాజరయ్యేవారిలో సగం మంది మహిళలుండాలి.

2. ప్రతి పాల సేకరణ కేంద్రంలో, గొర్రెల పెంపకందార్ల సహకార సంఘంలో మనుషులకు, పశువులకు వేర్వేరుగా ప్రథమ చికిత్స పెట్టెలు ఉంచాలి. ఖర్చు డెయిరీలు, ప్రభుత్వం భరించాలి.

3. పశువైద్యుల ఖాళీలు భర్తీ చేయాలి. 1962 వాహనాలు రాత్రి వేళ కూడా నడపాలి.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పాము విషం విరుగుడు, రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి.

5. కరెంటు, పిడుగు, అంటురోగాలతో చనిపోయిన పశువులకు, మందతో పోయిన మనుషులకు పరిహారం జాప్యం లేకుండా ఇవ్వాలి.

డిమాండ్లు పెట్టి చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా మన పద్ధతి కాదు. వచ్చే నెల లోపు ప్రతి గ్రామ శాఖ మూడు పనులు చేయాలి. మొదటిది, 108, 1962, లైన్‌మన్, పశువైద్యుడు, విరుగుడు మందు దొరికే ఆసుపత్రి ఫోన్ నంబర్లు ఒక బోర్డు మీద రాసి పాల కేంద్రం గోడకు కట్టాలి. రెండోది, సబ్బు, శుభ్రమైన గుడ్డలు, కట్టు బట్ట, అయోడిన్ మందు, రబ్బరు తొడుగులు, కొత్త బ్లేడు, దారం, థర్మామీటరు, టార్చి లైటు, అర లీటరు వంటనూనె, ఒక మోకు సమకూర్చి ఊరి మధ్యలో అందరికీ తెలిసిన ఇంట్లో పెట్టాలి. తాళం వేయొద్దు. మూడోది, పశువు చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు తీసుకోకుండా, బీమా ఉంటే చెవి పోగు జాగ్రత్త చేయకుండా పూడ్చొద్దని ఇంటింటికీ చెప్పాలి. రెండూ లేకపోతే పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది.

మన ఊళ్లో గేదె ఈనలేకపోతే అర్ధరాత్రయినా పది మంది లాంతరు పట్టుకుని చేరతారు. ఆ ఐకమత్యం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. చేరిన ఆ పది మందిలో కనీసం ఇద్దరికి ఏం చేయాలో తెలిసి ఉండాలి, మిగతా ఎనిమిది మంది వాళ్ల మాట వినాలి. రాబోయే ఏడాదిలో ప్రతి గ్రామ శాఖ నుంచి ఆ ఇద్దరిని తయారు చేద్దాం, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ అయ్యేలా చూద్దాం. ఈ ప్రతిపాదనను మీ చర్చకు పెడుతున్నాను. మీ ఊళ్లలో ఎదురైన ఇబ్బందులు కూడా కలిపి తీర్మానం చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.